హాస్కెల్ వెక్స్‌లర్: ఛాయాగ్రహణం నుంచి దర్శకత్వం వరకు

అమెరికా ఛాయాగ్రాహకుడు, దర్శకుడు హాస్కెల్ వెక్స్‌లర్ (1922-2015) ఛాయాగ్రహణానికి రెండు ఆస్కార్ పురస్కారాలు అందుకున్నారు. దర్శకుడిగా తీసినవి తక్కువే అయినా, ఎదుటివారి కష్టాన్ని చిత్రించే వ్యక్తికి వారి పట్ల బాధ్యత ఉండదా అన్న ప్రశ్నను ఆయన ఆ చిత్రాల్లో సూటిగా లేవనెత్తారు.

1922 ఫిబ్రవరి 6న షికాగోలో జన్మించిన వెక్స్‌లర్, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వాణిజ్య నౌకల్లో నావికుడిగా పనిచేశారు. ఆయన ప్రయాణిస్తున్న నౌక టార్పెడో దాడిలో మునిగిపోగా, ప్రాణరక్షక పడవలో బయటపడ్డారు. యుద్ధం ముగిశాక డాక్యుమెంటరీల రంగంలో అడుగుపెట్టారు. 1963 నాటి వాషింగ్టన్ పౌరహక్కుల ప్రదర్శనకు బయలుదేరిన ప్రయాణికులపై ‘ది బస్’ (1965) రూపొందించారు.

‘హూజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్?’ (1966) ఆయనకు తొలి ఆస్కార్ తెచ్చిపెట్టింది. నలుపు-తెలుపు ఛాయాగ్రహణానికి విడిగా ఇచ్చిన పురస్కారాల్లో అదే చివరిది. ‘ఇన్ ద హీట్ ఆఫ్ ది నైట్’ (1967)లో నల్లజాతి నటుడు సిడ్నీ పాటియే ముఖకవళికలు స్పష్టంగా కనిపించేలా వెలుగు తీవ్రతను తగ్గించారు. తెల్లవారి మేనిఛాయకు అనువుగా దీపాలు అమర్చడమే అప్పటి హాలీవుడ్ ఆనవాయితీ. స్టెడీక్యామ్‌ను వినియోగించిన తొలి కథాచిత్రాల్లో ఒకటైన ‘బౌండ్ ఫర్ గ్లోరీ’ (1976) రెండో ఆస్కార్ అందించింది.

ఆయన రచన, దర్శకత్వం, ఛాయాగ్రహణం నిర్వహించిన ‘మీడియం కూల్’ 1969లో విడుదలైంది. టీవీ వార్తల కెమెరామన్ ఒకరు రోడ్డు ప్రమాద బాధితురాలిని ముందుగా చిత్రీకరించి, ఆ తరువాతే అంబులెన్స్‌ను పిలిపించే సన్నివేశంతో చిత్రం మొదలవుతుంది. తాను తీసిన దృశ్యాలు ఎఫ్‌బీఐ చేతికి వెళ్తున్నాయని అతడికి తరువాత తెలుస్తుంది. 1968 ఆగస్టులో షికాగోలో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ జరుగుతుండగా, పోలీసులకూ నిరసనకారులకూ మధ్య నిజంగా జరిగిన ఘర్షణల్లోకి వెక్స్‌లర్ తన నటిని నడిపించారు. కథలో ఆమె తప్పిపోయిన కుమారుణ్ణి వెదుకుతున్న తల్లి. బాష్పవాయువు కమ్ముకుంటున్నప్పుడు, ఇది నిజమేనంటూ దర్శకుణ్ణి పేరు పెట్టి హెచ్చరించే గొంతు వినిపిస్తుంది. ఆ మాటలను తరువాత చేర్చామని ఆయనే వెల్లడించారు. విడుదల సమయంలో ‘ఎక్స్’ ధ్రువీకరణ పొందిన ఈ చిత్రం 2003లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేరింది.

‘వన్ ఫ్లూ ఓవర్ ద కకూస్ నెస్ట్’ (1975) చిత్రీకరణ మధ్యలో ఆయనను తొలగించారు. అజ్ఞాతంలోని వామపక్ష తీవ్రవాదులపై తాను పాల్గొన్న ‘అండర్‌గ్రౌండ్’ డాక్యుమెంటరీయే అందుకు కారణమని ఆయన భావించారు. కళాపరమైన విభేదాలే కారణమన్నది దర్శకుడు మిలోష్ ఫోర్మన్ వాదన. నికరాగువా అంతర్యుద్ధంలో అమెరికా పాత్రను విమర్శిస్తూ వెక్స్‌లర్ ‘లాటినో’ (1985) తీశారు.

1997లో ఒక సహాయ కెమెరామన్ సుమారు 19 గంటల పని ముగించుకుని కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తూ ప్రమాదంలో మరణించారు. ఆ ఘటన నేపథ్యంలో సినీ కార్మికుల పనివేళలపై వెక్స్‌లర్ ‘హూ నీడ్స్ స్లీప్?’ (2006) రూపొందించారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని ఉద్యమించారు. ‘మీడియం కూల్’లో కెమెరా ముందున్న మనిషి గురించి అడిగిన ప్రశ్ననే ఇక్కడ కెమెరా వెనుకనున్న మనిషి తరఫున అడిగారు. 2015 డిసెంబర్ 27న, 93 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఆయన కన్నుమూశారు.