పెరటి రోలు నుంచి వంటగట్టు వరకు: తెలుగువారి వంట పరికరాల స్థలచరిత్ర

ఉపోద్ఘాతం:
నేటి పట్టణ గృహాలలోని వంటగది మిక్సీ, గ్రైండర్, ఫ్రిజ్, మైక్రోవేవ్ ఓవెన్ వంటి యంత్రాలతో కిక్కిరిసి ఉంటుంది. ఈ ఇరుకుకు వస్తువ్యామోహమే కారణమనడం పరిపాటి. అయితే పూర్వపు ఇళ్ళలోనూ పనిముట్లకు కొదవ లేదు. అవి ఇల్లంతటా విస్తరించి ఉండేవి. కనుక వంటగది ఇరుకును అర్థం చేసుకోవడానికి వస్తువుల సంఖ్యతోపాటు వాటి స్థానాన్ని, వాటితో పనిచేసినవారిని కూడా పరిశీలించవలసి ఉంది.

పనిముట్లు - శ్రమ:
రోలు పెరటిలోనో పంచలోనో, తిరగలి వసారాలోనో ఉండేవి. తిరగలిని తరచుగా ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని తిప్పేవారు. దంపుడు వేళ ఒకే రోటిలో ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి రోకటిపోట్లు వేసేవారు. జానపద సాహిత్య పరిశోధకులు శ్రామికగేయాలలో గుర్తించిన తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు ఈ సామూహిక శ్రమకు ఆధారాలు. అలాగని ఆ కాలాన్ని ఆదర్శీకరించడం తగదు. ఆ శ్రమ కఠినమైనది. సంపన్నుల ఇళ్ళలో అది ఎక్కువగా కూలి స్త్రీలపై పడేది.

యంత్రాల ప్రవేశం:
గృహయంత్రాలు తెలుగు ప్రాంతాలకు బయటినుంచి వచ్చాయి. 1955లో బొంబాయిలో వంటగ్యాసు సరఫరా మొదలైంది. విద్యుత్ గ్రైండర్ కోయంబత్తూరులో రూపుదిద్దుకొంది. ప్రెషర్ కుక్కర్ల దేశీయ తయారీ 1959లో ఊపందుకోగా, 1960వ దశకంలో భారతీయ మిక్సీ మార్కెట్లోకి వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన దీపం పథకం పేద కుటుంబాల మహిళలకూ గ్యాసు కనెక్షన్లను అందించింది.

ఈ మార్పు అన్ని పనులనూ ఒకే దిశలో నడపలేదు. వడ్లు దంచే పని రైస్ మిల్లుకు తరలి ఇంటిని వీడింది. రుబ్బడం, నూరడం మాత్రం యంత్రరూపంలో ఇంట్లోనే నిలిచాయి. విద్యుత్ ప్లగ్గు, కుళాయి, గ్యాసుపొయ్యి ఉన్నచోటికే యంత్రాలన్నీ చేరవలసి వచ్చింది. పెరడు, వసారా లేని అపార్ట్‌మెంట్లలో ఆ చోటు ఒక్క వంటగట్టే అయింది.

స్థలంతోపాటు శ్రమ కూడా కేంద్రీకృతమైంది. యంత్రాలు పనిలోని కాయకష్టాన్ని తగ్గించినా, ఇతరుల వంతు పనిని గృహిణికే మిగిల్చాయని రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో అమెరికన్ గృహాల చరిత్రను పరిశీలించి వాదించారు. తెలుగు గృహాలలో ఇద్దరు తిప్పిన తిరగలి స్థానంలోకి వచ్చిన మిక్సీకి ఒక్కరే చాలు. ఆ ఒక్కరు సాధారణంగా ఇంటి ఇల్లాలే.

ఉపసంహారం:
వంటగది ఇరుకు పెరడు, వసారాల అదృశ్యానికీ, పలువురి పని ఒకరికి చేరడానికీ భౌతిక సాక్ష్యం. ఏ వస్తువు ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్నకు ఏ పని ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందన్న ప్రశ్న తోడైనప్పుడే తెలుగువారి గృహచరిత్రలో స్త్రీల శ్రమ లెక్కకు వస్తుంది.