యూఎస్‌బీ 3.0 వలన వైర్‌లెస్ అంతరాయం

యూఎస్‌బీ 3.0, ఆ తరువాతి ప్రమాణాలకు చెందిన పోర్టులు, తీగలు, పరికరాలు పనిచేసేటప్పుడు వాటి నుండి కొంత రేడియో రొద వెలువడుతుంది. ఈ రొద సమీపంలోని 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాల సంకేతాలను కప్పివేయడాన్ని యూఎస్‌బీ 3.0 వలన కలిగే వైర్‌లెస్ అంతరాయం అంటారు. ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్కు గాని, డాకింగ్ స్టేషన్ గాని తగిలించిన తరువాత వైర్‌లెస్ మౌస్ బాణం గుర్తు ఆగి ఆగి కదలడం, కీబోర్డుపై నొక్కిన అక్షరాలు తెరపై పడకపోవడం, బ్లూటూత్ హెడ్‌ఫోనులో మాట తెగిపోవడం, వై-ఫై వేగం పడిపోవడం దీని ముఖ్య లక్షణాలు. ఇటువంటి సందర్భాలలో దోషం మౌసులో గాని రౌటరులో గాని ఉండదు. పక్కనున్న పోర్టు వద్ద ఉంటుంది. ఈ విషయం తెలియనందున చక్కగా పనిచేసే పరికరాలను మార్చివేసి, కొత్తవాటితో కూడా అదే ఇబ్బంది పడేవారు చాలామంది. చాలా సందర్భాలలో రిసీవరును కొద్ది దూరం జరిపితే సమస్య తీరుతుంది.

== చరిత్ర ==

కంప్యూటరుకు వేర్వేరు పరికరాలను ఒకే రకమైన పోర్టు ద్వారా కలపాలనే ఉద్దేశంతో పలు కంపెనీలు కలిసి యూఎస్‌బీ ప్రమాణాన్ని రూపొందించాయి. భారతదేశంలో జన్మించిన ఇంటెల్ ఇంజనీరు అజయ్ భట్ దీని రూపకర్తలలో ముఖ్యుడు. 1996లో వెలువడిన తొలి ప్రమాణం గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 దీనిని 480 మెగాబిట్లకు పెంచింది. 2008 నవంబరులో విడుదలైన యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు, అనగా 500 కోట్ల బిట్లు. ఇందుకొరకు పాత తీగలకు తోడు రెండు జతల కొత్త తీగలు చేర్చబడినవి. అంతరాయానికి మూలం ఈ కొత్త తీగలలో ప్రవహించే సంకేతమే.

== 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ ==

వైర్‌లెస్ మౌసులు, కీబోర్డులు, బ్లూటూత్ పరికరాలు, వై-ఫైలో ఒక భాగం 2,400 నుండి 2,483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాల పట్టీని వాడుకుంటాయి. నిర్ణీత శక్తి పరిమితికి లోబడిన పరికరాలకు ఇందులో లైసెన్సు అవసరం లేదు. భారతదేశంలో ఈ మినహాయింపు 2005లో నోటిఫై చేసిన నియమాల ద్వారా లభించింది. అందరికీ తెరచి ఉన్నందువలన ఈ పట్టీలో రద్దీ ఎక్కువ. ఇంటిలోని మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే ప్రాంతంలో పనిచేస్తుంది.

బ్లూటూత్ పరికరాలు ఒక మార్గం నుండి మరొక మార్గానికి వేగంగా మారుతూ, రద్దీ ఉన్న మార్గాలను తప్పించుకోగలవు. కాని రొద పట్టీ అంతటా సమంగా పరచుకొని ఉంటే తప్పించుకొనేందుకు ఖాళీ మార్గమంటూ మిగలదు. యూఎస్‌బీ 3.0 రొద స్వభావం సరిగ్గా ఇటువంటిది.

== కారణం ==

సెకనుకు 500 కోట్ల బిట్లు పంపేటప్పుడు 1, 0 ఒకదాని తరువాత ఒకటి వచ్చినట్లయితే, రెండు బిట్లకు ఒక ఆవర్తనం పూర్తవుతుంది. అనగా సెకనుకు 250 కోట్ల ఆవర్తనాలు, 2.5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం. ఇది వైర్‌లెస్ పట్టీకి ఆనుకొనే ఉన్నది. పైగా శక్తి ఒకే పౌనఃపున్యం వద్ద పోగుపడకుండా దత్తాంశాన్ని ఒక క్రమపద్ధతిలో కలగలిపి పంపుతారు. దీని వలన శక్తి దాదాపు సున్నా నుండి 5 గిగాహెర్ట్జ్ వరకు విస్తరిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ దీని మధ్యలోనే ఉన్నది. యూఎస్‌బీ 2.0 సంకేతపు ప్రధాన శక్తి ఈ పట్టీకి చాలా దిగువన ఉంటుంది కనుక దానితో ఇంతటి ఇబ్బంది లేదు.

ఈ రొదను వడపోసి తొలగించడం కుదరదు. ఎందుకనగా 2.5 గిగాహెర్ట్జ్ పరిసర భాగం సంకేతానికే ముఖ్యమైనది. దానిని తొలగిస్తే దత్తాంశమే పాడవుతుంది. కాబట్టి లోహపు కవచంతో రొదను లోపలే బంధించడం, యాంటెన్నాను దూరంగా ఉంచడం అనే రెండు మార్గాలే మిగులుతున్నవి. కవచం సరిగా లేని తీగ గాని, అతుకు వద్ద సందు గాని యాంటెన్నా వలె పనిచేసి రొదను వెదజల్లుతుంది.

ఫైళ్ళు కాపీ చేయకపోయినా అంతరాయం కలుగవచ్చు. కలయిక చురుకుగా ఉన్నంతసేపు, పంపవలసిన దత్తాంశం లేకపోయినా, తీగలలో ఖాళీ సంకేతాలు ప్రవహిస్తూనే ఉంటాయి.

== ఇంటెల్ పరిశీలన ==

ఇంటెల్ కంపెనీ 2012 ఏప్రిల్‌లో ఈ విషయంపై ఒక పత్రం ప్రచురించింది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కును కలిపినపుడు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో రొద మట్టం సుమారు 20 డెసిబెళ్ళు పెరిగినట్లు అందులో చూపబడినది. డెసిబెల్ కొలమానం ప్రకారం 20 డెసిబెళ్ళు అనగా శక్తిలో 100 రెట్లు. తిరునాళ్ళలో డప్పుల పక్కన నిలబడిన వానికి దూరం నుండి పిలిచే కేక ఎట్లు వినబడదో, రిసీవరుకు మౌస్ పంపే బలహీన సంకేతం అట్లే వినబడదు. పోర్టుకు, పరికరానికి మంచి కవచం అమర్చాలని, వైర్‌లెస్ యాంటెన్నాలను పోర్టులకు దూరంగా ఉంచాలని ఆ పత్రం సూచించింది.

== డాకింగ్ స్టేషన్లు ==

డాకింగ్ స్టేషన్ అనేది ల్యాప్‌టాప్‌ను మేజాబల్లపై ఉన్న తెర, కీబోర్డు, నెట్‌వర్క్ తీగ మొదలైన వాటితో ఒకేసారి కలిపే పరికరం. 1992లో ఆపిల్ కంపెనీ విడుదల చేసిన పవర్‌బుక్ డుయో, దానితోపాటు వచ్చిన డుయో డాక్ దీనికి తొలినాటి ప్రసిద్ధ ఉదాహరణలు. అప్పట్లో ప్రతి కంపెనీ తన సొంత అతుకును వాడేది. 2014లో యూఎస్‌బీ టైప్-సి అతుకు ప్రమాణం వెలువడిన తరువాత ల్యాప్‌టాప్‌లు పలుచబడి, పోర్టులు తగ్గినవి. 2015 నాటి ఆపిల్ మ్యాక్‌బుక్‌లో హెడ్‌ఫోను రంధ్రం కాక ఉన్నది ఒక్క టైప్-సి పోర్టు మాత్రమే. తగ్గిన పోర్టులన్నీ డాకులోనికి, హబ్బులోనికి చేరినవి. 2021లో ఆపిల్ తన మ్యాక్‌బుక్ ప్రోలో హెచ్‌డీఎంఐ పోర్టును, మెమరీ కార్డు రంధ్రాన్ని తిరిగి ప్రవేశపెట్టింది.

ఈ మార్పు వలన అంతరాయానికి అనువైన పరిస్థితి ఏర్పడింది. డాకులో వేగవంతమైన డిస్కు, దానిని ఆనుకొని మౌస్ రిసీవరు, వెనుక కవచం తక్కువైన తీగ ఉండడం సాధారణం. ల్యాప్‌టాప్ వై-ఫై యాంటెన్నాలు కొన్ని నమూనాలలో తెర చట్రంలోను, మరికొన్నింటిలో మడతబందు వద్దను ఉంటాయి. డాకును తెర వెనుక అమర్చితే అది యాంటెన్నాలకు మరింత దగ్గరవుతుంది.

టైప్-సి అతుకులన్నీ చూపుకు ఒకే విధంగా ఉన్నప్పటికీ వాటి సామర్థ్యాలు వేరు. కొన్ని 480 మెగాబిట్ల వేగానికే పరిమితం. కొన్నింటికి తెరను కలపడం వీలుకాదు. సాధారణ టైప్-సి డాకులో నాలుగు అతివేగ జతలనూ తెర చిత్రానికే కేటాయిస్తే, యూఎస్‌బీకి 2.0 వేగం మాత్రమే మిగులుతుంది. కావున ఏ పోర్టు ఏ వేగంతో పనిచేయుచున్నదో రూపాన్ని బట్టి చెప్పలేము.

== గుర్తించే విధానం ==

* ఇబ్బంది కలుగుతున్న సమయంలో డిస్కును, డాకును క్రమపద్ధతిలో సురక్షితంగా వేరుచేయాలి. వెంటనే మౌస్ బాగుపడి, తిరిగి తగిలించినపుడు చెడిపోతే కారణం ఇదే కావచ్చు.
* మౌసును రిసీవరుకు అతి దగ్గరగా తెచ్చినపుడు బాగా పనిచేసి, దూరం జరిపితే తడబడినట్లయితే అది రొదకు సూచన. బ్యాటరీ నీరసించినా ఇట్లే జరుగును గనుక ముందుగా దానిని పరీక్షించాలి.
* వై-ఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో మందగించి 5 గిగాహెర్ట్జ్‌లో సక్రమంగా ఉంటే అనుమానం బలపడుతుంది.

== నివారణ ==

* రిసీవరును యూఎస్‌బీ 2.0 పొడిగింపు తీగతో డిస్కుకు, డాకుకు దూరంగా, మౌసుకు దగ్గరగా ఉంచాలి. దూరం పెరిగేకొద్దీ రొద వేగంగా క్షీణిస్తుంది. అన్నిటికంటె చౌకైన ఉపాయం ఇదే.
* రిసీవరును, డిస్కును ల్యాప్‌టాప్‌కు చెరొక వైపు తగిలించాలి. యూఎస్‌బీ 3.0 పోర్టు లోపలి భాగం తరచు నీలిరంగులో ఉంటుంది. అయితే అన్ని కంపెనీలు ఈ రంగును పాటించవు.
* కవచం గల నాణ్యమైన తీగలనే వాడాలి.
* వై-ఫైని 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చాలి. భారతదేశంలో ఈ పట్టీలో లైసెన్సు అక్కరలేని భాగాన్ని 2018లో విస్తరించారు.
* ఆన్‌లైను పరీక్షలు, ముఖాముఖీలు వంటి ముఖ్య సందర్భాలలో తీగ గల మౌసు, నెట్‌వర్క్ తీగ వాడడం శ్రేయస్కరం.

5 గిగాహెర్ట్జ్‌కు మారడం అన్నివేళలా సంపూర్ణ పరిష్కారం కాదు. సెకనుకు 10 గిగాబిట్ల వేగం గల తరువాతి ప్రమాణంలో పై లెక్క ప్రకారమే మూల పౌనఃపున్యం 5 గిగాహెర్ట్జ్ అవుతుంది. అందువలన కవచం, దూరం అనే రెండు జాగ్రత్తలు అక్కడ కూడా అవసరమే.

== ఇవి కూడా చూడండి ==

* బ్లూటూత్
* వై-ఫై
* విద్యుదయస్కాంత తరంగాలు