కరెంటు తీసినా ఆగని అయస్కాంతం

అన్నలూ తమ్ముళ్లూ, ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇక్కడ రాసి పెడుతున్నా. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు రూముకి వెళ్లాక చదువుకోండి.

తీగలో కరెంటు పారితే వేడెక్కుతుందని ఐటీఐలో మాకు మొదట్లోనే చెప్పారు. దానికి కారణం రెసిస్టెన్స్. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ అనే ప్రొఫెసర్ ద్రవ హీలియంతో పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిచాడు. రెసిస్టెన్స్ ఒక్కసారిగా మాయమైంది. దీన్నే సూపర్ కండక్టివిటీ అంటారు, మన పుస్తకాల్లో అతివాహకత.

ఓనెస్‌కి వచ్చిన ఆలోచన మోటారు వైండింగ్ చేసే ఎవరికైనా వచ్చేదే. తీగ వేడెక్కదు కాబట్టి కాయిల్ చుట్టి కావలసినంత కరెంటు పంపొచ్చు, లక్ష గాస్‌ల అయస్కాంతం చేయొచ్చు అనుకున్నాడు. గాస్ అంటే అయస్కాంత బలానికి కొలత. ఫ్రిజ్‌కి అంటించే బిళ్ల 100 గాస్‌ల చుట్టుపక్కల ఉంటుంది. సీసం తీగతో కాయిల్ చుట్టించాడు, పని కాలేదు. 1914లో సంగతి తెలిసింది. అయస్కాంత బలం దాదాపు 600 గాస్‌లకు చేరగానే సీసం మళ్లీ మామూలు లోహం అయిపోతోంది. అంటే కాయిల్ పుట్టించే అయస్కాంతమే ఆ కాయిల్‌ని చెడగొడుతుందన్నమాట.

1933లో బెర్లిన్‌లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ ఇంకో సంగతి కనిపెట్టారు. సూపర్ కండక్టర్ తన లోపలున్న అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది. బయటి బలం మరీ పెరిగితే నెట్టలేక చేతులెత్తేస్తుంది. ఈ రెండింటికీ అసలు పొసగదని అందరూ అనుకునే పరిస్థితి.

లైడెన్‌లో పనిచేసి సోవియట్ దేశంలోని ఖార్కివ్‌కి తిరిగెళ్లిన లెవ్ షుబ్నికోవ్ శుద్ధమైన సీసం పక్కనపెట్టి సీసం మిశ్రలోహాలు పరీక్షించాడు. వాటిలోకి అయస్కాంత క్షేత్రం కొంచెం కొంచెంగా దూరుతున్నా అతివాహకత పోలేదు. 1937లో స్టాలిన్ పోలీసులు తప్పుడు కేసులో పట్టుకెళ్లి, ఆ ఏడాదే కాల్చి చంపారు. వయసు 36. ఆయన కొలతలు మాత్రం మిగిలాయి.

1957లో అబ్రికోసోవ్ ఆ కొలతలకు సరిపోయే సిద్ధాంతం చెప్పాడు. క్షేత్రం సన్నని సుడులుగా లోపలికి వస్తుంది, సుడుల మధ్య లోహం సూపర్ కండక్టర్‌గానే ఉంటుంది. 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో నియోబియం-టిన్ తీగ 88,000 గాస్‌లకూ తట్టుకుంది. ఓనెస్ అనుకున్నది సాధ్యమేనని తేలడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఆస్పత్రిలో ఎంఆర్ఐ మెషీన్ ఉన్నది ఆ దారిలోనే. ఎక్కువ మెషీన్లలో నియోబియం-టైటానియం కాయిల్ ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది, బలం 15,000 గాస్‌లు. ప్రపంచానికి హీలియం పంపే పెద్ద ప్లాంట్లు ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో ఉన్నాయి. 2017లో సరిహద్దులు మూసినప్పుడు అవి కొన్నాళ్లు ఆగితే సరఫరా మీద దెబ్బ పడింది.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. రెసిస్టెన్స్ లేదు కాబట్టి కాయిల్‌లో ఒకసారి ఎక్కించిన కరెంటు ఏళ్లతరబడి తిరుగుతూనే ఉంటుంది. బ్రేకర్ దించి తాళం వేస్తే సేఫ్ అనేది మన సైట్ అలవాటు. ఆ గదిలో అది పనికిరాదు, బిల్డింగ్ మొత్తం కరెంటు పోయినా అయస్కాంతం ఉంటుంది. ఇనుప సిలిండర్ లోపలికి తీసుకెళ్తే అది ఎగిరిపోయి తగిలి మనుషులు చచ్చిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఏసీ పనికో లైటు పనికో పంపితే, స్పానరూ నిచ్చెనా బయటపెట్టి, ముందు ఎంఆర్ఐ స్టాఫ్‌ని అడిగి, వాళ్లు సరేనన్నాకే అడుగుపెట్టండి. ఫోర్‌మన్ తొందరపెట్టినా సరే.