చదరంగపు సంఖ్య: ఒక చంపకమాలలో పాఠనిర్ణయం

మహావీరాచార్యుని 9వ శతాబ్ది ‘గణితసారసంగ్రహము’ను తెలుగు పద్యాలలోకి తెచ్చిన పావులూరి మల్లన పేర ఒక చంపకమాల ప్రసిద్ధం. చదరంగపు 64 గళ్లలో ఒకటితో మొదలై రెట్టింపవుతూ పోయే రాశుల మొత్తం అందులో భూతసంఖ్యలుగా, ఒకట్ల స్థానం నుండి చెప్పబడింది. విలోమంగా చదివితే వచ్చేది 18446744073709551615. అంటే రెండు యొక్క 64వ ఘాతం కన్న ఒకటి తక్కువ.

పాఠపరిష్కర్తకు ఇంతటి సాక్షి అరుదు. ‘గిరి’కి బదులు ‘నగ’ అని లేఖకుడు రాసినా విలువ ఏడే. వేరే అంకెను సూచించే పదం చేరితే మాత్రం లెక్క తప్పుతుంది. పురాణాలలో సముద్రాలు ఏడైనా, ఇక్కడ ‘అబ్ధి’ నాలుగేనని ఆ సంఖ్యే తేలుస్తుంది. అయితే పర్యాయపదాలలో మూలపాఠమేదో గణితం చెప్పలేదు. అది ఛందస్సు, ప్రతుల పని.

ఈ సంఖ్య ప్రధానసంఖ్య కాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు విభిన్న ప్రధానసంఖ్యల లబ్ధం. వీటిలో 641, 6700417 లబ్ధమైన 4294967297ను ఫెర్మా ప్రధానసంఖ్యగా భావించగా, ఆయిలర్ 1732లో దానిని విభజించి చూపాడు.