అండమాన్‌లో స్కూబా: ఒడ్డు నుంచి దిగాలా, పడవెక్కాలా?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో సెలవు ప్రయాణం పాస్‌తో మొదలవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు సముద్రమంటే దిఘా, పూరీ, లేదంటే విశాఖ. అండమాన్‌కు రైలు లేదు కాబట్టి అక్కడ పాస్ చెల్లదు. అయితే రైల్వే ఉద్యోగులు ఆ ఏడాది ప్రివిలేజ్ పాసులు వదులుకుంటే నాలుగేళ్లకోసారి ఎల్‌టీసీ వాడుకోవచ్చు. కోల్‌కతా నుంచి రెండు గంటలకు పైగా విమానం, ఆపైన ఫెర్రీ. అలా స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, చేరుకున్నాక స్కూబా సెంటర్‌లో ఎదురయ్యే ప్రశ్న: షోర్ డైవా, బోట్ డైవా?

బోట్ డైవ్ ధర ఎక్కువ కాబట్టి అదే మేలని చాలామంది అనుకుంటారు. ఎప్పుడూ అలా ఉండదు. సర్టిఫికెట్ లేనివారిని పడవ ఎంత దూరం తీసుకెళ్లినా 12 మీటర్లకు మించి దించకూడదు. ఓపెన్ వాటర్ కోర్సు చేసినవారికి 18, అడ్వాన్స్‌డ్ చేసినవారికి 30 మీటర్లు హద్దు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి పేరున్న చోట్లు ఈ చివరి కోవవారికి. మొదటిసారి దిగేవారిని పడవ మీద తీసుకెళ్లేది లైట్‌హౌస్, అక్వేరియం వంటి లోతు తక్కువ చోట్లకే. అందుకే డబ్బు కట్టేముందు ఏ చోటికి, ఎంత లోతుకు, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది అని అడగాలి.

ఒడ్డు నుంచి దిగే నెమో రీఫ్‌లో సౌకర్యం వేరు. నడుంలోతు నీళ్లలో నిలబడి రెగ్యులేటర్‌తో శ్వాస తీసుకోవడం సాధన చేయొచ్చు. భయమేస్తే లేచి నిలబడితే చాలు. పదేళ్లు దాటిన పిల్లలకు, ఈత రానివారికి ఇదే సరైన మొదలు. ఇబ్బందల్లా ఆటుపోట్లతోనే. పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఆటు వేళ నీళ్లు బాగా వెనక్కి పోయి, రాళ్ల మీద చాలా దూరం నడవాల్సి వస్తుంది. సిలిండర్, సీసపు బరువులు కలిపితే ఇరవై కిలోలు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, విచిత్రంగా, పడవే సులువు: నాలుగడుగులు వేసి నీళ్లలోకి దిగడమే. పైగా అక్కడ నీరు తేటగా ఉంటుంది. ఒడ్డు దగ్గర కొత్తవాళ్ల కాళ్లకు లేచే ఇసుక చూపును మసకబారుస్తుంది.

బస్సు ప్రయాణంలోనే వాంతులయ్యేవారు మాత్రం పడవ గురించి ఆలోచించుకోవాలి. మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌ను అడగాలి, కొన్ని మాత్రలు మత్తు కలిగిస్తాయి.

లోతు తక్కువైతే ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. చెవుల్లో ఆ తేడా ఎక్కువగా తెలిసేది మొదటి కొద్ది మీటర్లలోనే. జలుబున్న రోజు దిగకూడదు. పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి వాటిని చీల్చగలదు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ ఉంటే ఫారంలో దాచకుండా రాయాలి. గర్భిణులు దిగకూడదు.

ఖరగ్‌పూర్‌లో అందరికీ సెలవు దొరికేది దుర్గాపూజకే. అప్పటికి అండమాన్‌లో వానలు పూర్తిగా తగ్గవు. గాలి లేస్తే పడవలు ఆగిపోతాయి. సముద్రం నిలకడగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు. పూజా సెలవులకే వెళ్లేవారు బోట్ డైవ్‌ను మొదటి రోజుల్లోనే పెట్టుకుంటే, రద్దయినా మరో రోజు మిగులుతుంది. రద్దయితే డబ్బు తిరిగిస్తారా అన్నది ముందే తేల్చుకోవాలి.

ప్యాకేజీ టూర్లలో తరచూ జరిగే తప్పు, స్కూబాను చివరి రోజుకు నెట్టడం. ఒక్క డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగాలి. రక్తంలో కరిగిన నత్రజని విమానంలో ఒత్తిడి తగ్గినప్పుడు బుడగలుగా మారే ప్రమాదం ఉంది. ఒడ్డు నుంచి దిగినా, పడవ నుంచి దిగినా ఈ లెక్క మారదు.