ఇటలీ కారుల పేర్లు: మన నోట, వారి నోట

ఎల్, ఏ, ఎన్, సి, ఐ, ఏ అను ఆరు అక్షరములను వరుసగా వ్రాసి చదువుమన్నచో మనలో చాలమంది 'లాన్సియా' అని చదువుదురు. మేమును చాలకాలము అట్లే చదివితిమి. ఆ పేరుగల కారు పుట్టిన ఇటలీ దేశములో దానిని 'లాంచ' అందురు. ఆ మాటకు ఈటె అని అర్థము. 1906లో ట్యూరిను నగరమున ఆ కారుల కర్మాగారమును నెలకొల్పిన విన్‌చెన్‌ౘొ లాంచ అనునతని ఇంటిపేరది. ఆ ఆరక్షరములను చూచి మనము పలికినది అతని పేరు కాదు, దానిని ఇంగ్లీషువారు చదువు తీరు.

ఐరోపా పేర్లు మనకు చాలవరకు ఇంగ్లీషు వాకిటి గుండనే వచ్చినవి. ఇంటి యజమాని పేరును పొరుగింటివానిని అడిగి తెలిసికొన్నట్లయినది మన పని. ఇందులో వింత యేమనగా, ఇటలీ పేర్లను సరిగా పలుకుటకు కావలసిన ధ్వనులలో కొన్ని ఇంగ్లీషువారి నోట లేవు. మన నోట ఉన్నవి. ఉండియు మనము వానిని వాడుట లేదు.

సి అను అక్షరము కథను మొదట చెప్పుకొనవలెను. ప్రాచీన రోమనులు లాటిను భాషలో దానిని ఎల్లెడల కకారముగనే పలికిరి. మనము సిసిరో అను మహావక్త వారికి 'కికెరో'. నూఱు అను సంఖ్య వారికి 'కెంతుమ్'. కాలక్రమమున ఇ, ఎ అను అచ్చులకు ముందున్న కకారము నాలుకపై ముందునకు జరిగి చకారమైనది. 'కెంతుమ్' అన్నది 'చెంతొ' అయినది. అ, ఒ, ఉ లకు ముందున్న కకారము మాత్రము చెక్కుచెదరలేదు. పలుకు మారినను వ్రాత మారలేదు. అందువలన ఒకే అక్షరమునకు రెండు పలుకులు ఏర్పడినవి. జి అక్షరము గతియు ఇట్టిదే: ఇ, ఎ లకు ముందు జకారము, ఇతరత్ర గకారము.

ఇది విని మనము ఆశ్చర్యపడ నక్కరలేదు. కన్నడమువారి 'కివి' మనకు 'చెవి'. వారి ప్రాచీన భాషలోని 'కెఱె' మనకు 'చెఱువు'. వారి 'కెడు' మనకు 'చెడు'. మూలద్రావిడమునందలి కకారము ఇ, ఎ లకు ముందు తెలుగులో చకారముగా మాఱినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. టైబరు నదీతీరమున నాలుక చేసిన పనినే కృష్ణాగోదావరీ తీరములందును చేసినది. లాటినువారి 'కెంతుమ్'కును ఇటలీవారి 'చెంతొ'కును గల చుట్టరికమే కన్నడ 'కివి'కిని తెలుగు 'చెవి'కిని కలదు. మనకు వ్రాతయు పలుకుతోపాటు నడచినది గనుక చిక్కు లేదు.

ఇటలీవారికి మాత్రము చిక్కు వచ్చినది. ఇ, ఎ లకు ముందు కూడ కకార గకారములనే పలుకవలసిన మాటలు వారికి ఉన్నవి. వానిని ఎట్లు వ్రాయవలెను? లాటినులోని హకారము వారి నోట ఎన్నడో నశించినది. అక్షరము మాత్రము పనిలేక మిగిలియున్నది. దానిని తెచ్చి సి, జి ల ప్రక్కన నిలిపిరి. 1900లో మిలాను నగరమున వెలసిన ఒక ప్రసిద్ధ సంస్థ పేరును 'ఇజొత్త ఫ్రస్కీని' అనవలెనేగాని, 'ఫ్రషీని' అనరాదు. నడుమనున్న హెచ్ అక్షరము చెప్పునది అదియే.

ఈ హెచ్ మనలను మఱియొక విధముగా మోసపుచ్చినది. రాఘవుడు, మేఘము వంటి మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాయునప్పుడు మనము ఘకారమునకు జి ప్రక్క హెచ్ చేర్చుదుము. ఆ అలవాటుతో కొన్ని పత్రికలలో 'లంబోర్ఘిని' అని వత్తు పెట్టి వ్రాయుచున్నారు. అచ్చట మహాప్రాణము లేదు. గకారము జకారము కాకుండ కాపాడుటకై నిలిచిన కావలివాడే ఆ హెచ్. పేరు 'లాంబొర్గీని'. దీర్ఘము గీ మీద. చివరి ని హ్రస్వము. ఆ ఇంటిపేరుగల ఫెర్రూచ్చొ 1916లో ఒక రైతు కుటుంబమున జన్మించి, 1948లో ట్రాక్టరుల వ్యాపారము ఆరంభించి, 1963లో కారుల సంస్థను స్థాపించెను.

'ఫెర్రూచ్చొ' అను పేరును వ్రాయునప్పుడు చివరి ఒకారమునకు ముందు ఐ అను అక్షరముండును గాని, అది వినబడదు. అ, ఒ, ఉ లకు ముందు చకార జకారములు కావలసినచోట వారు నడుమ ఐ ని గుర్తుగా నుంచుదురు. హెచ్ చేయు పనికి ఇది సరిగా విరుద్ధమైన పని. 'లాంచ'లో ఇకారము వినబడకపోవుటకు కారణమిదియే. 1974 నాటి వోక్స్‌వాగన్ గోల్ఫ్ కారునకు రూపకల్పన చేసిన ప్రసిద్ధ శిల్పి పేరును 'గియోర్గెట్టో గియుగియారో' అని చదివినచో అతడు తన పేరే అని పోల్చుకొనజాలడు. అతడు జోర్జెత్తొ జుజారొ.

ఇప్పుడు ఈ పేర్లలోని త ను ట గా పలుకు మన అలవాటును చూతము. ఇంగ్లీషువారి టి, డి లు మన చెవికి ట, డ లవలె వినబడును. కావున వారి మాటలను మనము ట, డ లతో వ్రాసికొంటిమి. ఆ పద్ధతిని ఇటలీ మాటలకును అంటగట్టితిమి. ఇటలీవారి నాలుక దంతములను తాకును. అది స్వచ్ఛమైన మన తకారము, మన దకారము. కావున 'మాసెరాటి' కాదు, 'మజెరాతి'. ఇచ్చటి జ ఇంగ్లీషువారి జెడ్ పలుకు. ఆ సోదరుల సంస్థ బొలోఞ్ఞ నగరమున 1914 డిసెంబరు 1న వెలసినది. దాని త్రిశూలపు గుర్తు ఆ నగరము నడుమనున్న నెప్ట్యూను విగ్రహము చేతి త్రిశూలమే. స్కూటరు పేరు 'లాంబ్రెట్టా' కాదు, 'లాంబ్రెత్త'. త, ట లు రెండును కలిగిన భాష మనది. ఒకటే కలిగినవారిని అనుసరించి తప్పుదాని నెన్నుకొంటిమి!

ఇటలీవారి జెడ్ అక్షరము సంగతియు ఇట్టిదే. మన వ్యాకరణములు చ జ లను తాలవ్యములనియు దంత్యములనియు విభజించినవి. చిలుకలోని చ వేఱు, ౘలిలోని ౘ వేఱు. ఇటలీవారి జెడ్ పెక్కుచోట్ల ఈ దంత్య ౘకారమే, కొన్నిచోట్ల దంత్య ౙకారము. 'విన్‌చెన్‌ౘొ' అను ఒక్క పేరులో తాలవ్య దంత్యములు రెండును వరుసగా వచ్చినవి. మన బడిపిల్లవానికి ఇది నల్లేరుపై బండి నడక.

ఇక ద్విత్వములు. మనకు కల వేఱు, కల్ల వేఱు. ఇటలీవారికిని అంతే: 'కపెల్లొ' అన్న వెంట్రుక, 'కప్పెల్లొ' అన్న టోపి. ఇంగ్లీషువారు జంట హల్లులను వ్రాతలో నుంచి నోట మింగివేయుదురు. అందుచేతనే మనకు 'ఫెరారీ' వచ్చినది. అది 'ఫెర్రారి'. ఆ మాటకు కమ్మరులు అని అర్థము. కమ్మరివారు అను మన ఇంటిపేరు వంటిది. ఎన్‌ౘొ ఫెర్రారి 1898లో మోదెన నగరమున జన్మించి, 1929లో పందెపు జట్టును నెలకొల్పి దానికి 'స్కుదెరీయ', అనగా అశ్వశాల, అని పేరు పెట్టెను. అతని ఇంటిపేరుతో తొలి కారు 1947లో వెలువడెను. దేశాంతరములలో చదువుకొను మన పిల్లల ఇంటిపేళ్లలోని డ్డ లను, ళ్ళ లను అచ్చటివారు విఱిచి పలికినప్పుడు వారు చిన్నబుచ్చుకొందురు. ఆ కమ్మరివారి రెండు రేఫలను మనమెందులకు ఒకటి చేయవలెను?

అచ్చులను గూర్చి చెప్పుటకు ఎక్కువ లేదు. తెలుగువలె ఇటాలియను మాటలును చాలవరకు అజంతములు. వ్రాసిన ప్రతి అచ్చును పలుకుదురు. బెర్తోనె అను పేరు చివర గొఱ్ఱె, కంచె అను మాటల చివరనున్న ఎకారమే ఉన్నది. హ్రస్వమైన ఒకారముతో తెలుగు మాట ముగియదు గనుక 'తొరీనొ' అనుటకు బదులు 'తొరీనో' అందుము. అంతమాత్రము మన నాలుకకు సెలవీయవచ్చును. 1963లో మజెరాతివారు వెలువరించిన 'క్వాత్త్రొపోర్తె' అను గంభీరమైన పేరునకు నాలుగు తలుపులు అని మాత్రమే అర్థము. నాలుగు తలుపులుగల కారును అట్లనుటలో కవిత్వమేమియు లేదు. ఐనను వినుటకు ఎంత సొంపుగా నున్నది! 1915లో మిలానులోని 'ఆల్ఫ' సంస్థను చేపట్టిన నికోల రొమేఒ పేరులో ఊనిక మే మీద. నాటకములోని రోమియోను తలచుకొనుచు దానిని పలుకుచున్నాము. నిజమునకు ఆ వెరోన ప్రేమికుని పేరును ఇటలీలో రొమేఒయే.

మఱి ఫియట్టు మాటయేమి? 1899 జూలై 11న ట్యూరినులో స్థాపితమైన ఆ సంస్థ పేరు నాలుగు మాటల మొదటి అక్షరముల కూర్పు: ట్యూరినులోని ఇటాలియను మోటారు వాహనముల కర్మాగారము అని దాని భావము. కూర్చగా వచ్చినది 'అగుగాక' అను అర్థముగల లాటిను మాట. వారి ఉచ్చారణ 'ఫీయత్'. వారు 'మిల్లెచెంతొ' అను 1100 నమూనా బొంబాయిలో తయారై, పిమ్మట ప్రీమియర్ పద్మిని అను పేరు దాల్చి, టాక్సీగా 2023 వరకు ఆ నగరపు వీధులలో తిరిగినది. మన పల్లెలలో సైతము 'ఫియేటు కారు' అన్నది వాడుక మాట. దానిని ఇప్పుడు దిద్దబూనుట చాదస్తమని మా అభిప్రాయము. 'ఇతాలియ'ను ఇటలీ అనుచున్నట్లే దీనిని కూడ మన మాటగా ఎంచుకొందుము. ఇంకను నాటుకొనని పేర్లను మాత్రము సొంతవారి నోటినుండి గ్రహించుట మేలు.

నియమములు నేర్చినవానిని సైతము తడబఱచు పేరు ఒకటి కలదు. 1971లో జినీవా ప్రదర్శనమున లాంబొర్గీనివారు చూపిన నేలబారు కారు పేరు చివర సి, హెచ్ లున్నవి. పైన చెప్పిన నియమము ననుసరించి కకారము పలుకవలెను. కాని అది చకారము: 'కున్తాచ్'. ఏలయన, అది ఇటాలియను మాటయే కాదు. దాని రూపకర్త మార్చెల్లొ గందీని చెప్పినదాని ప్రకారము, ఆ పనిలో తోడ్పడిన ఒక పనివాడు పియెమోంతె ప్రాంతపు భాష తప్ప వేఱొకటి మాటలాడువాడు కాడట. అబ్బురము కలిగినప్పుడెల్ల అతని నోట వెలువడిన మాట అది. మనము 'అమ్మో!' అనుచోట ఆ ప్రాంతమువారు ఆ మాట అందురు.