విహారపు పునాది, వాననీటి దారి

పురావస్తు త్రవ్వకాలు వానలు లేని నెలల్లో సాగుతాయి. పుష్యం నుండి వైశాఖం వరకు కందకాలు పొడిగా ఉంటాయి. కొలతలు తీయడం సులువు, ఛాయాచిత్రాలు స్పష్టంగా వస్తాయి. తొలకరి సూచనలు కనబడగానే తవ్విన చోట పట్టాలు కప్పి, పరికరాలు సర్దుకొని బయలుదేరుతాము. ఈ అలవాటు వల్ల మా వృత్తిలో ఒక లోపం పాతుకుపోయింది. విహారాలను నివాసాలుగా వర్ణించే మేము ఆ నివాసాలను వానలో చూడము. మా పటాల్లో గదులకు సంఖ్యలుంటాయి, స్తంభాలకు సంఖ్యలుంటాయి. నీటికాలువ మాత్రం రెండు సమాంతర రేఖలుగా మొదలై కందకం అంచున ఆగిపోతుంది. అక్కడి నుండి నీరు ఎటు పోయిందో పటం చెప్పదు.

విహారమో, ముఖ్యంగా వానాకాలం కోసం ఏర్పడిన ఇల్లు. ఆషాఢ పౌర్ణమి మరునాటి నుండి మూడు మాసాలు భిక్షువు ఒకేచోట ఉండవలసిన నియమం వర్షావాసం. వాన నుండి కాపాడని విహారం తన మొదటి పనిలోనే విఫలమైనట్లు. ఈ సంగతి వినయపిటకం సంకలనకర్తలకు బాగా తెలుసు. చుల్లవగ్గలోని సేనాసనక్ఖంధకంలో విహార నిర్మాణానికి సంబంధించిన అనుమతులు ఒక్కొక్కటిగా వస్తాయి. విహారం నేలమట్టంగా ఉండి నీటమునిగింది. ఎత్తయిన పీఠం మీద కట్టుకోవడానికి అనుమతి లభించింది. ఆ పీఠం అంచు కూలింది. ఇటుకతోగాని, రాతితోగాని, కొయ్యతోగాని కట్టుబడి చేయవచ్చునన్నారు. ఎక్కడం కష్టమైంది, మెట్లు వచ్చాయి. ఎక్కేవారు పడిపోయారు, పట్టుకోవడానికి ఆధారం వచ్చింది. పరివేణం, అంటే విహారపు ఆవరణ, బురదైనప్పుడు జరిగినదీ ఇలాంటిదే. మొదట మరుంబం, అనగా కంకర, చల్లమన్నారు. అది చాలకపోతే పలకరాళ్లు పరవమన్నారు. అప్పుడు నీరు నిలిచిపోయింది. చివరికి ఉదకనిద్ధమనం, అంటే నీరు బయటికి పోయే కాలువ, అనుమతించారు.

ఈ వరుసను చాలాకాలం నేను గ్రంథరచనలో ఒక పద్ధతిగానే చదివాను. ఇల్లు కట్టించిన తరువాత దీనిలో మరొక క్రమం కనబడింది. మట్టినేల నీటిని కొంత తాగుతుంది, మిగిలినది బురదవుతుంది. కంకర పరిస్తే కాళ్లకు బురద అంటదు గాని, కింద తడి అలాగే ఉంటుంది. బండలు పరిస్తే నేల తాగడం మానేస్తుంది. అంతవరకు ఇంకిన నీరంతా పైన నిలుస్తుంది. నీటి సమస్య తీర్చడానికి చేసిన ప్రతి పనీ నీటిని ఇంకొక చోటికి తోసింది. చివరి అనుమతి కాలువ కావడానికి కారణం ఇదే. నేడు ఇంటిచుట్టూ సిమెంటు గచ్చు వేయించి, వాలు మాత్రం గోడవైపే వదిలేసే మేస్త్రీలకు ఈ ఖంధకం చదివి వినిపించాలనిపిస్తుంది.

నాలుగు వైపులా గదులు, నడుమ అంగణం ఉన్న చతుశ్శాల విహారం వచ్చాక ఈ ప్రశ్న మరింత జటిలమైంది. కోస్తా ఆంధ్రలో మండువా లోగిలిలో పెరిగినవారికి దీనిని వివరించనక్కరలేదు. నాలుగు కప్పుల లోపలి వాలు నీరంతా నడిమి పల్లంలో పడుతుంది. బయటికి పోయే దారి ఒక్కటే, గోడకింది తూము. ఆ తూముకు నాలుగు ఆకులు అడ్డుపడితే గడియలో నీరు వసారా అంచును తాకుతుంది. నలందా విహారాల్లో అంగణం మట్టం వసారా కంటె తక్కువగా ఉండి, నీరు గోడ కిందుగా ఇటుక కాలువలో బయటికి పోతుంది. అక్కడి ఒకటవ విహారంలో ఒకదానిపై ఒకటిగా తొమ్మిది నిర్మాణ స్థాయిలను గుర్తించారు. పాత గోడల మీద కొత్త గోడలు లేచిన ప్రతిసారీ గదుల నేల పైకి వచ్చింది. అంగణం నేల కూడా పైకి వచ్చి పాత కాలువ నోరు లోతున పూడిపోతే, కొత్త మట్టంలో మరొక కాలువ కావాలి. ఎన్నవ స్థాయిలో ఏ కాలువ పనిచేసిందో తెలిస్తే, ఆ విహార చరిత్రలో కుండపెంకులు చెప్పలేని భాగం ఒకటి తెలుస్తుంది.

దీనిని చూసుకున్నవారెవరు? శాసనాల్లో దాతల పేర్లు ముందు నిలుస్తాయి, పని చేయించినవారి పేర్లు అరుదు. నాగార్జునకొండలో వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరపు శాసనం ఒక మంచి మినహాయింపు. ఉపాసిక బోధిసిరి చులధమ్మగిరి విహారంలో చైత్యగృహాన్ని కట్టించి తామ్రపర్ణి థేరులకు సమర్పించింది. ఆ చైత్యగృహం పలకరాళ్లు పరచినదని శాసనమే ప్రత్యేకంగా చెబుతుంది. నేల పరపు కూడా దానంలో లెక్కకు వచ్చింది. చివరలో నవకమ్మికులుగా చందముఖ, ధమ్మనంది, నాగ అనే ముగ్గురు థేరుల పేర్లు, శిల్పి విధికుని పేరు ఉన్నాయి. నవకమ్మికుడు అంటే సంఘం తరఫున నిర్మాణాన్ని పర్యవేక్షించే భిక్షువు. పీఠం ఎత్తు, బండల వాలు చూసుకోవడం ఆ పనిలో భాగమే అయి ఉండాలి. ముగ్గురు థేరులు ఇందుకు కూర్చున్నారంటే అది చిన్న పనిగా ఎవరూ భావించలేదు.

బోధిసిరి దానం అందుకున్న థేరుల ద్వీపంలో కొండగుహల నివాసాలకు నీటిని మళ్లించిన పద్ధతి ఇంకా సూటియైనది. మిహింతలె, వెస్సగిరి మొదలైన చోట్ల గుహ నుదుటిపై అడ్డంగా ఒక గాడి చెక్కారు. బండ మీదుగా జారే వాననీరు ఆ గాడి దగ్గర తెగి గుహకు బయట పడుతుంది, లోపలికి పాకదు. దాత పేరు చెప్పే బ్రాహ్మీ శాసనం చాలా చోట్ల ఆ గాడికి కిందనే ఉంటుంది. రెండు వేల ఏళ్లకు పైబడినా ఆ అక్షరాలను నేడు చదవగలుగుతున్నామంటే కొంత పుణ్యం ఆ గాడిదే. కన్హేరిలో మరొక అడుగు ముందుకు వేశారు. గుహల పైబండ మీద చిన్న కాలువలు తొలిచి, ఆ నీటిని పోఢీలనబడే తొట్లలోకి మళ్లించారు. ఇంటికి చేటు చేసే నీరే ఎండాకాలపు తాగునీరైంది. విశాఖ సమీపాన తొట్లకొండకు ఆ పేరు తెచ్చినవి ఇలాంటి రాతితొట్లే.

తొట్లకొండ ప్రసక్తి వచ్చింది గనుక ఒక విషయం చెప్పాలి. 2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు అక్కడి మహాస్తూపంలో ఒక భాగం కూలిపోయింది. వర్షావాసపు పంచాంగం మధ్యగంగా మైదానపు వానలను బట్టి ఏర్పడినది. ఆశ్వయుజ పౌర్ణమికి ప్రవారణ జరిపి భిక్షువులు కదులుతారు. మన తీరంలో తుపానులు ముమ్మరించేది అక్టోబరు, నవంబరుల్లో, అంటే ఆ తరువాతనే. ఆంధ్రతీరపు నవకమ్మికులు కఠిన చీవరదానపు నెలలో కూడా తూములు శుభ్రం చేయించక తప్పి ఉండదు. ఇది నా ఊహ. అయితే నేటి పరిరక్షకులకు ఆ నెలలే గండమన్నది ఊహ కాదు.

నీరు పునాదిని పడగొట్టే తీరు కంటికి కనబడదు, అందుకే నిర్లక్ష్యానికి గురవుతుంది. ఇటుకల నడుమ మట్టి అడుసు, లోపల మట్టి పూరకం ఉన్న కట్టడంలో నీరు చేరితే అడుసు మెత్తబడుతుంది, పూరకం బరువెక్కి గోడను బయటికి నెడుతుంది. నల్లరేగడి అయితే తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకుపోయి, ఏటేటా పునాదిని కదుపుతుంది. ఇటుక నేలతడిని పైకి పీలుస్తుంది; తడి ఆరిన చోట లవణాలు గట్టిపడి ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా రాలుస్తాయి. సిమెంటుతో కీళ్లు పూస్తే తడి కీళ్ల గుండా ఆరే దారి మూసుకుపోయి, ఇటుక ఇంకా త్వరగా పోతుంది. చాలా రక్షిత స్థలాల్లో పీఠానికి ఆనుకొని పచ్చికబయలు పెంచి రోజూ తడుపుతారు. చూపరులకు అది అందం. పునాదికి ఏడాది పొడుగునా వానాకాలం.

త్రవ్వకం వల్ల వచ్చే చిక్కు మరొకటి ఉంది. శతాబ్దాల మేటతో చుట్టూ నేల పెరుగుతుంది; మేము తవ్వి పాత మట్టాన్ని బయటపెడతాము. ఆనాడు ఎత్తున నిలిచిన కట్టడం ఈనాడు గోతిలో నిలుస్తుంది. బోధగయ మహాబోధి ఆలయం చుట్టుపక్కల నేలకంటె సుమారు 5 మీటర్ల దిగువన ఉంది. అక్కడ నిరంతర నిర్వహణ ఉంది. పేరులేని చిన్న విహారాల గోతులకు ఎవరున్నారు?

నా పరిశోధన తొలినాళ్లలో అలాంటి ఒక స్థలంలోనే పనిచేశాను. అంగణం నుండి గోడ కిందుగా వెళ్లే రాతికాలువను నేనే గీశాను. కందకం అంచున నా రేఖలు కూడా ఆగిపోయాయి. కొన్నేళ్ల తరువాత భాద్రపదంలో వేరే పని మీద ఆ దారిన వెళుతూ ఆగాను. అంగణంలో మోకాటిలోతు నీరు నిలిచి ఉంది. ఒక గది వెనుక గోడ ఒరిగింది. గొడుగు పట్టుకొని కాలువ వెళ్లిన వైపు నడిచాను. కందకం అంచుకు పది అడుగుల దూరంలో, సరిగ్గా కాలువ దిశకు అడ్డంగా, తుప్పలు మొలిచిన మట్టిదిబ్బ ఉంది. ఆ యేడు మేము తవ్విపోసిన మట్టి అది.

మరుసటి వేసవిలో అనుమతి తెచ్చి దిబ్బను తీయించాము. దాని కింద కాలువ ఇంకా నాలుగు బండల పొడవు సాగింది. చివరి బండ వాలు మీదికి జానెడు ముందుకు చొచ్చుకొని వచ్చి ఉంది. నీరు పడే చోట నేల కోయకుండా, దాని కింద గరుకురాళ్లు పేర్చి ఉన్నాయి.